నాగాలను శాతాల్లో కాదు, రోజుల్లో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ప్రోగ్రెస్ కార్డు మీద ‘హాజరు 92 శాతం’ అని కనబడితే ఏ తల్లిదండ్రులైనా తృప్తిగా సంతకం పెట్టేస్తారు. మార్కుల్లో 92 అంటే మాటలా! కానీ 200 పనిదినాలున్న బడిలో 92 శాతం హాజరంటే 16 నాగాలు. మూడు వారాల చదువు పోయినట్టు. అదే సంగతిని ‘మీ అబ్బాయి 16 రోజులు బడికి రాలేదు’ అని రాస్తే సంతకం అంత తేలిగ్గా పడదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 28 వేలకు పైగా కుటుంబాలతో చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. తమ పిల్లలు ఎన్ని రోజులు మానేశారన్నది తల్లిదండ్రులు ఉన్నదానికంటే తక్కువగా అనుకుంటున్నారని అందులో తేలింది. మొత్తం నాగాల సంఖ్యను ఉత్తరం ద్వారా ఇంటికి తెలియజేసిన చోట, మరీ ఎక్కువగా బడి మానే పిల్లల సంఖ్య పది శాతమో అంతకు మించో తగ్గింది. అందుకైన ఖర్చు కాగితం, తపాలా. అంతే.

అమెరికా, ఇంగ్లండ్ బడుల్లో పదో వంతు పనిదినాలు పోతే ఆ బిడ్డను ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన జాబితాలో చేరుస్తారు. 200 రోజుల్లో పదో వంతు 20. పది నెలలకు సర్దితే నెలకు రెండు. నెలకు రెండు రోజులు ఎవరి కంటికీ ఆనవు. ఒకసారి జలుబు, ఒకసారి పెళ్లి, ఇంకోసారి సెలవుకు ముందో వెనకో కలుపుకున్న రోజు. అన్నిటికీ లీవ్ లెటర్ ఉంటుంది, అన్నీ న్యాయంగానే కనబడతాయి. టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచాన పడిన పిల్లవాడి గురించి టీచరు కనుక్కుంటారు, నోట్సు పంపిస్తారు, తిరిగొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని చెబుతారు. అవే పదహారు రోజులు విడివిడిగా పోగొట్టుకున్నవాడికి ఎవరూ ఏమీ చెప్పరు. క.సా.గు. చెప్పిన మంగళవారం రాలేదు, బుధవారం భిన్నాల కూడిక మొదలైంది. హారాలు వేరైతే ఏం చెయ్యాలో వాడికి తెలియదు. ‘లెక్కలు రావు’ అన్న పేరు అక్కడే పడిపోతుంది.

ఇక ఆలస్యం. పది నిమిషాలే కదా అంటారు. రోజూ పది నిమిషాల చొప్పున 200 రోజులకు 2,000 నిమిషాలు, అంటే నలభై నిమిషాల పీరియడ్లు సరిగ్గా యాభై. పైగా టైంటేబుల్లో మొదటి పీరియడ్ సాధారణంగా ఒకే సబ్జెక్టు. అది లెక్కలైతే, రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే పిల్ల లెక్కల పాఠంలో పావు వంతు వినకుండానే పై తరగతికి వెళ్తుంది. పోయే పావు కూడా మామూలు పావు కాదు. నిన్నటి పాఠానికీ ఇవాళ్టి పాఠానికీ టీచరు ముడివేసేది ఆ మొదటి నిమిషాల్లోనే.

ఇది తెలిసిన బడులే ఆలస్యంగా వచ్చినవాణ్ణి గేటు బయట అరగంట నిలబెడతాయి. ఐదు నిమిషాల తప్పుకు ముప్పై నిమిషాల పాఠం కోత! పదేళ్ల లోపు పిల్లలు తమంతట తాము ఆలస్యం కారు, వాళ్లను తీసుకొచ్చేవాళ్లే ఆలస్యం చేస్తారు. పిల్లను నేరుగా తరగతిలోకి పంపి, మాటేదైనా ఉంటే పెద్దవాళ్లతో మాట్లాడాలి. జరిమానా వేస్తే దారికొస్తారనే వాదన కూడా ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో శిశు సంరక్షణ కేంద్రాల్లో ఇది చేసి చూశారు, ఫలితాలు 2000లో వెలువడ్డాయి. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. అప్పటిదాకా మొహమాటపడినవాళ్లు డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. జరిమానా ఎత్తేశాక కూడా పాత మొహమాటం తిరిగి రాలేదు.

నూరు శాతం హాజరు బహుమతుల మీదా మాకు నమ్మకం లేదు. కాలిఫోర్నియాలో 15 వేలకు పైగా విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, అంతకుముందు బాగా హాజరైనందుకు ప్రశంసాపత్రం అందుకున్న పిల్లలే ఆ తరవాత కాస్త ఎక్కువ నాగాలు పెట్టారు. బహుమతి కోసం జ్వరంతో వచ్చి పక్కవాళ్లకు అంటించే పిల్లల సంగతి వేరే చెప్పాలా. మొదటి వారంలోనే ఒక రోజు పోయినవాడికి మిగతా ఏడాదంతా ఆ బహుమతితో పనే ఉండదు.

జ్వరం మాట వచ్చింది కాబట్టి, ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు పంపాలి అన్నది ప్రతి బడీ పిల్లలు చేరిన రోజే రాసివ్వాలి. జ్వరం మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటే పంపవచ్చు. ఉదయం మాత్ర వేసి పంపితే మందు దిగే వేళకు, అంటే మధ్యాహ్నానికి, మళ్లీ ఒళ్లు కాలుతుంది. వాంతులు, విరేచనాలైతే ఆఖరిసారి అయినప్పటి నుంచి 48 గంటలు ఇంట్లో ఉంచాలి. ఆటలమ్మకు పొక్కులన్నీ పక్కు కట్టేదాకా ఆగాలి, దద్దు మొదలయ్యాక సాధారణంగా ఐదు రోజులు పడుతుంది. జ్వరం లేని జలుబుకూ, తలలో పేలకూ బడి మాన్పించనక్కర్లేదు. పేలున్నాయని పిల్లను ఇంటికి పంపే బడులు ఆ అలవాటు మానుకుంటే మంచిది.

సోమవారం ఉదయం కడుపునొప్పిని మాత్రం వేరుగా చూడాలి. ఒకసారి డాక్టరుకు చూపించండి. ఒంట్లో ఏమీ లేదంటే ఆ నొప్పి అబద్ధమని కాదు, భయానికి కూడా కడుపు నొప్పెడుతుంది. ఆదివారం రాకుండా, పది గంటలకల్లా తగ్గిపోయే నొప్పికి మూలం తరచూ బడిలోనే దొరుకుతుంది: గడియ పడని మరుగుదొడ్డి, బస్సులో ఏడిపించే పెద్దపిల్లలు, బిగ్గరగా చదవమనే పీరియడ్, పూర్తికాని హోంవర్కు. పోనీలే అని ఒక రోజు ఆపితే రెండో రోజు వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. అలా ఆగిన రోజున చేతిలో ఫోను కూడా పెడితే మూడో రోజు ఇక చెప్పనక్కర్లేదు. డుమ్మా కొట్టేవాడు ఇంట్లో తెలియకుండా తిరుగుతాడు, బడికి భయపడేవాడు ఇంట్లోనే ఉంటానని ఏడుస్తాడు. ఇద్దరికీ ఒకే మందు పనిచెయ్యదు.

ఉదయం హడావిడికి విరుగుడు ఉదయంలో దొరకదు. బెల్లు నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రావాలి. బెల్లు 9 గంటలకైతే గేటు దగ్గర 8:50కి ఉండాలి. ప్రయాణం 25 నిమిషాలైతే 8:25కి గుమ్మం దాటాలి. బూట్లకూ సంచికీ పది, తిండికి ఇరవై, స్నానానికీ బట్టలకూ ముప్పై, లేచాక బద్ధకానికి పది. లేవాల్సింది 7:15కి. చాలా ఇళ్లలో ప్రయాణాన్ని మాత్రమే లెక్కవేస్తారు, అదీ రోడ్డు ఖాళీగా ఉన్న రోజు లెక్క. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పది గంటలు వేసుకుంటే రాత్రి 9:15కి నిద్రపట్టి ఉండాలి, పక్క మీదికి ఇంకాస్త ముందే చేరాలి. పదమూడు దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటలు చాలు గానీ, ఆ వయసులో నిద్ర రావడమే ఆలస్యమవుతుంది. అది వాళ్ల ఒంటి తీరు, పొగరు కాదు. సంచి సర్దడం, డైరీలో సంతకం, సాక్సుల జత వెతకడం రాత్రే అయిపోవాలి. ఉదయం ఏడు నిమిషాలు తినేసేది ఆ రెండో సాక్సే.

బిడ్డ రానప్పుడు బెల్లు కొట్టకముందే కబురు చెయ్యండి. పూర్తి పేరు, తరగతి, సెక్షన్, కారణం, మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పండి. ‘బాబు ఇవాళ రాడు’ అని గ్రూపులో పెడితే ఏ బాబో ఎవరికి తెలుసు? తమ్ముడితో చెప్పి పంపితే మధ్యాహ్నానికి గుర్తొస్తుంది. కబురు లేకుండా ఆబ్సెంట్ పడిన ప్రతి పేరుకూ బడి వాళ్లు గంటలోపు ఫోను చెయ్యాలి. ఇది క్రమశిక్షణ కోసం కాదు. ఇంట్లోంచి బయలుదేరి బడికి చేరని బిడ్డ విషయంలో ఆ గంట చాలా విలువైనది. ఒక్కో బిడ్డకు రెండు నంబర్లు ఉండాలి, ఏడాదికోసారి సరిచూసుకోవాలి.

రిజిస్టరు రాసే పద్ధతిలోనూ లోపాలున్నాయి. ఆలస్యంగా వచ్చినవాడి ఆబ్సెంట్ గుర్తును దిద్ది హాజరు చేసేస్తే ఆలస్యం లెక్కే మాయమవుతుంది. కొట్టివేత లేకుండా పక్కనే వచ్చిన సమయం రాయాలి. ‘ఒంట్లో బాగోలేదు’ అన్న ఒక్క కారణంలో జ్వరం, ప్రయాణం, భయం అన్నీ కలిసిపోతున్నాయి. వాటిని విడివిడిగా రాయాలి. నెలాఖరున ఇంటికి ఒక చీటీ పంపాలి: ఈ నెల నాగాలు 2, ఇప్పటిదాకా 7, ఆలస్యాలు 5. తిట్టొద్దు, హితబోధ వద్దు, అంకెలు చాలు. నెలలో నాగాలు రెండు దాటితే క్లాస్ టీచరు ఫోను చేసి ‘మేమేమైనా చెయ్యగలమా’ అని అడగాలి.

అన్నట్టు, బడి గోడ గడియారాన్ని వారానికోసారి ఫోను టైముతో సరిచూడండి. అది నాలుగు నిమిషాలు ముందు నడుస్తుంటే ఆలస్యాల పట్టీలో సగం పేర్లు దానివే. మొదటి పీరియడ్‌కు టీచరు తరగతిలో అడుగుపెట్టిన సమయాన్ని కూడా అదే రిజిస్టరులో రాసుకుంటే మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
హాజరు రిజిస్టర్లు రాసే కొందరు ఉపాధ్యాయులు