ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి, తిరుపతి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని నమస్కరించి రాస్తున్న లేఖ.

పాలలో యూరియా కల్తీని పాలకేంద్రం దగ్గరే పట్టించే బయోసెన్సర్ అనే చిన్న పరికరం మీద బయోకెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్ విభాగాల వాళ్లం కలిసి పనిచేస్తున్నాం. యూరియేజ్ ఎంజైము యూరియాను విడగొట్టగా పుట్టే అమ్మోనియాను ఎలక్ట్రోడ్ పసిగడుతుంది. గ్లూకోజును ఇలాగే ఎంజైముతో కొలవడానికి 1962లో శాస్త్రవేత్తలు క్లార్క్, లయన్స్ వేసిన బాటే ఇది.

ఎంజైమును చల్లగా దాచాలి. కరెంటు పోయి సీసా పాడైతే ఫెలోషిప్ డబ్బుతో మళ్లీ కొన్నాం. ఆ నెల మాలో ఒకమ్మాయి మెస్ బిల్లు కట్టలేకపోయింది. ఇది న్యాయం కాదండీ. ప్రాజెక్టు రెండు విభాగాలది కనుక ఎవరు సంతకం పెట్టాలో తేలక కొనుగోలు ఫైలు ఆగింది. అర్జీలకు జవాబు లేదు. చిత్తూరు పల్లెల్లో పాడితోనే ఇల్లు గడిపే ఆడవాళ్లకు ఈ పరికరం చేరాలి.

ఉమ్మడి ప్రాజెక్టులకు ఒకే సంతకం చాలునని ఈ నెలాఖరులోగా లిఖితపూర్వక ఉత్తర్వు ఇచ్చి, మా ఫైలు విడుదల చేయించండి.