ఆటోస్టిక్ బీటిల్‌కు గేర్‌బాక్స్ ఒక్కటి మారిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

క్లచ్ పెడల్ లేని, క్లచ్ దానంతటదే విడిపోయే ఆటోస్టిక్ రకం వోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను మాన్యువల్ చేసుకోవడానికి ఒక గేర్‌బాక్స్, ఒక క్లచ్ పెడల్ ఉంటే చాలన్నట్టు పాత కార్ల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. ఆ రెండూ వెతికితే దొరుకుతాయి. బండిని నెలల తరబడి షెడ్డులో కూర్చోబెట్టేవి వేరే ఉన్నాయి.

1968 మోడల్‌తో వచ్చిన ఈ ఏర్పాటులో గేర్ రాడ్డును కదపగానే దాని అడుగున కాంటాక్టులు కలుస్తాయి, కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వు తెరుచుకుంటుంది, ఇంజిన్ గాలి పీల్చే బలం (వాక్యూమ్) క్లచ్‌ను విడదీస్తుంది. గేర్లు గరగరలాడుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది చిట్లిన వాక్యూమ్ గొట్టాలను, మురికి పట్టిన కాంటాక్టులను. అంతమాత్రానికే గేర్‌బాక్స్ దించడం దండగ.

అయినా మార్చాల్సిందే అంటే మొదట చూడాల్సింది టన్నెల్, అంటే బండి నేల మధ్యలో పొడవునా ఉండే బోలు దిమ్మె. క్లచ్ కేబుల్ నడిచే సన్న గొట్టం లోపల లేకపోతే టన్నెల్ కోసి వెల్డింగ్ చేయాలి. పెట్రోలు లైను పోయేది కూడా అందులోంచే. ట్యాంకు దించి, లైనులో పెట్రోలుగానీ ఆవిరిగానీ లేవని తేల్చుకున్నాకే నిప్పు దగ్గరికి రావాలి. గొట్టం అతుకు బలహీనమైతే కేబుల్‌తోపాటు గొట్టమూ కదులుతుంది. పెడల్ ఎంత తొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు.

గేర్‌బాక్స్ సీవీ జాయింట్ల (ఇరుసు రెండు కొసల్లోనూ కీళ్లుండే) రకమే కావాలి, లోపలి కొసన మాత్రమే కీలుండే స్వింగ్ యాక్సిల్‌ది కుదరదు. వెనక క్రాస్ మెంబరు, మౌంటు రబ్బర్లు, షిఫ్ట్ రాడ్డు, లీవరు, పెడల్ సెట్టు ఆ గేర్‌బాక్స్ తీసిన బండివే తెచ్చుకోవడం మేలు. లీవరు కింద స్టాప్ ప్లేటు ఎత్తైన అంచు కుడివైపుకు ఉండాలి. తిప్పి పెడితే సెకండ్ వేయబోయి రివర్స్‌లో పడొచ్చు.

ఇంజిన్‌కు డ్రైవ్ ప్లేటు తీసి ఫ్లైవీల్ బిగించేటప్పుడు మూడు షిమ్ములతో (పల్చటి వాషర్లతో) క్రాంక్ ఎండ్ ప్లేను, అంటే క్రాంక్ షాఫ్టు ముందుకూ వెనక్కూ కదిలే సందును, 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల మధ్యకు తేవాలి. ఈ కొలత ఆయిల్ సీలు వేయకముందే తీయాలి. మధ్య నట్టు 30 కేజీ-మీటర్ల బిగువుకు రావాలి. ఆ నట్టులో నీడిల్ బేరింగు ఉందో లేదో చూసుకోండి, గేర్‌బాక్స్ షాఫ్టు కొస తిరిగేది దానిలోనే. క్లచ్‌ను నొక్కి విడదీసే రిలీజ్ బేరింగు 1971 నుంచి గైడ్ ట్యూబు మీద నడిచే రకం. దానికి మధ్యలో రింగు లేని ప్రెషర్ ప్లేటే వేయాలి, పాతదాన్ని కలపకూడదు.

అందరూ మరిచిపోయేది ఆయిల్ పంపు. ఆటోస్టిక్‌ది జంట పంపు: లోపలి సగం ఇంజిన్ ఆయిల్‌ను, బయటి సగం టార్క్ కన్వర్టర్‌కు (ద్రవం ద్వారా ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే భాగానికి) వెళ్లే ఏటీఎఫ్‌ను, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ద్రవాన్ని, తిప్పుతుంది. గొట్టాలు పీకి పంపును అలాగే వదిలేస్తే బయటి గేర్లు ఎండిపోయి అరుగుతాయి. మధ్య సీలు కూడా పోయిందా, ఇంజిన్ ఆయిలు ఆ దారినే కారుతుంది. మామూలు పంపు వేయాలి, అదీ కామ్ షాఫ్ట్ గేరుకు సరిపోయేది. గేరు బల్లపరుపుదైతే ఒక పంపు, గుంటదైతే ఇంకొకటి. బిగించే ముందు క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పితే ఎక్కడైనా రాసుకుంటోందో తెలిసిపోతుంది.

ఇక మ్యానిఫోల్డు మీద వాక్యూమ్ రంధ్రం మూసేయాలి, లేకపోతే గాలి చొరబడి ఐడిలింగ్ నిలకడగా ఉండదు. సోలెనాయిడ్‌కు వెళ్లే వైరును మొదట్లోనే విడదీసి కొసకు టేపు చుట్టాలి. న్యూట్రల్‌లో ఉంటేనే స్టార్టరును తిరగనిచ్చే న్యూట్రల్ స్విచ్చి పోయింది కనుక దాని రెండు వైర్లనూ కలపకపోతే స్టార్టరు తిరగదు. అప్పుడు బ్యాటరీని తిట్టుకుని లాభం లేదు.

గేర్‌బాక్స్‌లో జీఎల్-4 రకం 90 నంబరు ఆయిలు 3 లీటర్లు పోయాలి. పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం, 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంచాలి. స్పీడోమీటరు జోలికి వెళ్లనక్కర్లేదు, దాని కేబుల్ తిరిగేది ఎడమ ముందు చక్రంతో.

– పాత కార్ల మరమ్మతుదారులు