గవర్నర్ గారూ, ఆ తాళం వేసే ముందు

ఇల్లినాయ్ రాష్ట్ర గవర్నర్ గారికి (2008 నవంబరు),

నమస్కారం. నవంబరు 30తో లింకన్ లాగ్ క్యాబిన్, అంటే ప్రెసిడెంటు ఏబ్రహాం లింకన్ తండ్రి బతికిన దుంగల ఇల్లు, మూసేస్తున్నారని ఖాయంగా తెలిసింది. మేం ఉత్తరాలు రాశాం, సంతకాలు పెట్టి కాగితాలు పంపాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. శాసనసభ డబ్బు సర్దింది కదా, ఇంక గండం గడిచిందిలే అనుకున్నాం. గడవలేదు. అందుకే ఇలా నలుగురిలో పెట్టి అడగాల్సి వస్తోంది.

వచ్చే ఫిబ్రవరి 12కి లింకన్ పుట్టి 200 ఏళ్లు. మన కార్ల నంబరు ప్లేట్ల మీద 'ల్యాండ్ ఆఫ్ లింకన్' అని రాసుకుని తిరుగుతున్నాం. ఆ లింకన్‌ను కన్న తండ్రి థామస్ 1851లో కన్నుమూసిన ఇంటికి మాత్రం సరిగ్గా పండగ ముందు తాళం. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ బాగా పెట్టారు.

ఈ ఇంటికి పెద్దవాళ్ల చేతిలో అన్యాయం కొత్త కాదు లెండి. అసలు క్యాబిన్‌ను 1893 షికాగో ఎగ్జిబిషన్‌కని దుంగలు ఊడదీసి పట్టుకెళ్లారు. మళ్లీ వెనక్కి రాలేదు. ఇప్పుడున్నది 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (పని లేని కుర్రాళ్లకు ప్రభుత్వం పని ఇచ్చిన పథకం) కుర్రాళ్లు పాత ఫొటోలు చూసి అదే చోట మళ్లీ కట్టింది. దేశం దేశమంతా ఆర్థిక మాంద్యంలో మునిగి, జనం తిండికి క్యూలు కట్టిన రోజులవి. అప్పుడు కట్టడానికి డబ్బు దొరికింది. ఇప్పుడు తలుపు తీసి ఉంచడానికి దొరకడం లేదా?

మీరు ఇటువైపు వచ్చారో లేదో నాకు తెలియదు. మా చార్లెస్టన్ ఊరికి దక్షిణాన పొలాల మధ్య ఉంటుంది. రెండే గదులు. ఒక దశలో అందులో 18 మంది దాకా సర్దుకుని బతికారట. ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే తీసుకెళ్లాను. పొయ్యి దగ్గర పాతకాలపు గౌనులో ఒకావిడ ఇనప గిన్నెలో ఏదో కలుపుతోంది. అక్కడ ఆ కాలం మనుషుల్లా నటించే వాళ్లకు ఎప్పుడూ 1845వ సంవత్సరమే. ఏబ్రహాం ప్రెసిడెంటు అయ్యాడు కదా అని మా నాన్న అడిగితే, "మా ఏబా? స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లాయరు పని చేసుకుంటున్నాడండీ, ప్రెసిడెంటేమిటి!" అంది. మా నాన్న ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తలుచుకుని నవ్వుకున్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2005లో తెరిచిన పెద్ద లింకన్ మ్యూజియంలో నిలువెత్తు బొమ్మలున్నాయి, బాగానే ఉంటాయి, కాదనను. బొమ్మ జవాబు చెప్పదు కదండీ. ఈవిడను ఇంటికి పంపేసి ఆ గది ఎవరికి చూపిస్తారు?

లింకన్‌కు తండ్రితో పొసగలేదు. అంత్యక్రియలకూ వెళ్లలేదు. అయినా 1841లో తండ్రి దగ్గర 40 ఎకరాలు 200 డాలర్లకు కొని, మీరిద్దరూ బతికున్నంతకాలం సాగు చేసుకోండని తండ్రికీ సవతి తల్లికీ రాసిచ్చాడు. 1861 జనవరిలో ప్రెసిడెంటుగా వాషింగ్టన్ వెళ్లబోతూ, అంత హడావుడిలో, సవతి తల్లి సారాను చూడటానికి ఇటు వచ్చాడు. ఆయనకు తీరిక దొరికింది. మీకు మా ఉత్తరం చదివే తీరిక దొరకలేదు. ఇది ఎత్తిపొడుపు అనుకుంటే అనుకోండి.

ఈ నెలలోనే మళ్లీ ఒక ఇల్లినాయ్ మనిషి, ఒబామా, ప్రెసిడెంటుగా గెలిచాడు. ఆయన పోటీకి దిగుతున్నానని ప్రకటించింది కూడా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ మాట్లాడిన పాత క్యాపిటల్ భవనం దగ్గరే. ప్రపంచమంతా మన రాష్ట్రం వైపు చూస్తున్న వేళ మనం చేసే పని ఇదా? దయచేసి ఆ ఆర్డరు ఆపండి. పూర్తిగా కుదరకపోతే వారానికి రెండు రోజులైనా తెరవండి. అదీ కాదంటే ఫిబ్రవరి 12 దాకానైనా ఆగండి. వలంటీర్లు ఉన్నారు, అడిగితే వస్తారు. ఎవరూ అడగలేదు. మూసేసినా, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తేదీ చెప్పండి. "తదుపరి ఉత్తర్వుల వరకు" అన్న మాట మాకొద్దు, ఆ మాటకు అర్థం ఇండియాలోనే నేర్చుకుని వచ్చాం.

ఈసారైనా జవాబు ఇవ్వండి. "కుదరదు" అని రాసినా సరే.

ఇట్లు,
చార్లెస్టన్‌లో ఉంటున్న ఒక తెలుగువాడు