రేకు మందం అడుగుతారు, తలుపు సందు అడగరు

సంపాదకులకు,

ఫోన్లు, బేస్ స్టేషన్లు పరీక్షించే షీల్డెడ్ రూముల (రేడియో సిగ్నల్ లోపలికీ బయటికీ పోకుండా లోహపు రేకుతో కట్టిన గదుల) ప్రస్తావన వస్తే చాలు, మొదటి ప్రశ్న రేకు ఎంత మందం అనే. టెండర్లలోనూ అదే తంతు. 1 గిగాహెర్ట్జ్ దగ్గర విద్యుత్ ప్రవాహం రాగిలో పైపైన 2 మైక్రాన్ల లోతుకు మించి పెద్దగా దిగదు. ఈ ఫ్రీక్వెన్సీల్లో మందం గోడ నిలబడటానికే తప్ప సిగ్నల్ ఆపడానికి కాదు.

సిగ్నల్ దూరేది సందుల్లోంచి. అందులోనూ సందు వెడల్పు కన్నా పొడవు ప్రమాదం. రెండు బోల్టుల మధ్య 10 మి.మీ. మేర రేకు ఆనలేదనుకుందాం. 3 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 100 మి.మీ. దాన్ని సందు పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 5 వస్తుంది. 5 రెట్లంటే 14 డెసిబెల్ (సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే కొలత). ముతక లెక్కే గానీ, 100 డెసిబెల్ ఆపాల్సిన గదిలో ఆ చోట యాంటెన్నా పెడితే మిగిలేది ఆ దరిదాపుల్లోనే.

తలుపు చుట్టూ ఉండే బెరీలియం రాగి స్ప్రింగు పళ్లు మూడు వరసగా విరిగినా ఇంతే. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూగు రాలని గుడ్డతో తుడవాలి. గరుకు కాగితం పెడితే పూత లేచిపోతుంది. అన్నిటికన్నా తరచుగా జరిగేది, రంగులేసేవాళ్లు లోహం ఆనే అంచు మీద కూడా బ్రష్ ఆడించడం.

గొట్టాల సంగతి ఇంకా విచిత్రం. 25 మి.మీ. లోపలి వ్యాసం, 100 మి.మీ. పొడవున్న ఇత్తడి గొట్టాన్ని గోడకు చుట్టూ అతికితే, 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర దానంతటదే 110 డెసిబెల్ దాకా ఆపుతుంది. లోహపు తీగ లేని ఫైబర్‌ను అందులోంచి నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. ఖాళీ ఉంది కదా అని అందులోంచే లాన్ కేబుల్ దూర్చారో, గొట్టం, మధ్యలో తీగ, చుట్టూ లోహం ఉండే కోయాక్సియల్ కేబుల్ అయిపోతుంది. ఆపడం మాట దేవుడెరుగు, సిగ్నల్‌ను మోసుకొస్తుంది. గొట్టం కటాఫ్, అంటే అది ఆపగల ఫ్రీక్వెన్సీల పై హద్దు, 7 గిగాహెర్ట్జ్. 28 గిగాహెర్ట్జ్ 5జీ పరీక్షలకైతే ఖాళీ గొట్టమే కిటికీ.

కరెంటు తీగలన్నీ, వాటి వెంట వచ్చే సిగ్నల్‌ను ఆపే ఫిల్టర్ గుండానే రావాలి. ఫిల్టర్ పెట్టె గోడకు ఆనే చోట రంగు గీకేసి, చుట్టూ లోహానికి లోహం తగలాలి. ఒక్క ఎర్త్ తీగతో సరిపెడితే కుదరదు.

ఇక అప్పగింత. లోపల ఫోన్‌కు సిగ్నల్ పోయింది కాబట్టి గది బాగుందనడం పరీక్ష కాదు. బయట సిగ్నల్ బలం మైనస్ 80 డీబీఎం ఉంటే, ఫోన్ మూగబోవడానికి 40 డెసిబెల్ చాలు. పైగా లోపలి ఎమ్యులేటర్ (పరీక్ష కోసం నెట్‌వర్క్‌లా నటించే పరికరం) సిగ్నల్ బయటికి పొక్కితే, దారిన పోయేవాళ్ల ఫోన్లు ఆ ఉత్తుత్తి నెట్‌వర్క్‌కు తగులుకోవడానికి చూస్తాయి. ఆ కోణం ఎవరికీ పట్టదు.

షీల్డెడ్ గదులు కొలవడానికున్న ప్రమాణం ఐఈఈఈ 299 పద్ధతిలో కొలవండి. అదీ ఖాళీ గదిలో కాదు, ఏసీ, వైరింగ్, నిప్పునార్పే గొట్టాలు అన్నీ బిగించాక. తలుపు నాలుగు అంచులు, ప్రతి ఫిల్టర్, గాలి వచ్చే ప్రతి తేనెపట్టు జాలీ దగ్గర విడివిడిగా అంకె రాయించండి. కొలిచే పరికరాల పరిధి, అడిగిన డెసిబెల్ కన్నా కనీసం 6 ఎక్కువ ఉందో లేదో ముందే చూపించమనండి. లేకపోతే రిపోర్టులో కనిపించేది గది సత్తా కాదు, పరికరం హద్దు.

– ఆర్‌ఎఫ్ పరీక్షల ఇంజినీరు