మిస్టరీ సినిమా చరిత్రలో మారిస్ ఎల్వీ పేరేది?

సంపాదకులు గారికి, నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లీషు మిస్టరీ సినిమాల మీద వస్తున్న వ్యాసాలు మొదటి నుంచీ చదువుతున్నాను. బాగున్నాయి, కత్తిరించి దాచుకుంటున్నాను కూడా. కానీ మొన్నటి భాగంలో, బ్రిటన్‌లో ఈ రకం సినిమా 1927లో విడుదలైన హిచ్‌కాక్ సినిమా ‘ది లాడ్జర్’తో పుట్టిందని రాశారు. అక్కడ నాకు అభ్యంతరం ఉంది. హిచ్‌కాక్ గొప్పతనం గురించి పేచీ లేదు. నేను తెనాలిలో సినిమా హాలు ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆయన బొమ్మ వేసినప్పుడు హాల్లో జనం ఊపిరి బిగబట్టడం క్యాబిన్ కిటికీలోంచి చూసినవాణ్ణి. అయితే ఆయన కంటే ఆరేళ్ళ ముందే, 1921లో, లండన్‌లో షెర్లాక్ హోమ్స్ అనే డిటెక్టివ్ కథలు ఒకటి తర్వాత ఒకటి తెరకెక్కించిన మనిషి ఉన్నాడు. పేరు మారిస్ ఎల్వీ. మీ వ్యాసాల్లో ఆ పేరు ఇంతవరకూ రాలేదు.

ఎల్వీ పుట్టింది 1887లో, ఇంగ్లండ్ ఉత్తరాన స్టాక్‌టన్ ఆన్ టీస్ అనే ఊళ్ళో. అసలు పేరు విలియం సీవర్డ్ ఫోకార్డ్. తొమ్మిదేళ్ళకే ఇల్లు వదిలి లండన్ పారిపోయి హోటల్లో కుర్రాడిగా పనిచేశాడు. అక్కణ్ణుంచి నాటకాల్లోకి, నాటకాల నుంచి 1913లో సినిమాల్లోకి వచ్చాడు. ఆ మొదటి ఏడాదిలోనే ‘మరియా మార్టెన్’ తీశాడు. సఫోక్ పల్లెలో 1827లో జరిగిన నిజం హత్య కథ అది, ఎర్రకొట్టం హత్య అంటే అక్కడ చిన్న పిల్లలకు కూడా తెలిసిన కథ. అంటే నేరం మీద ఆయనకు మోజు ముందు నుంచీ ఉన్నదే. 1957 దాకా తీస్తూనే ఉన్నాడు. మొత్తం దాదాపు రెండు వందల సినిమాలు. ఆఖర్లో ఒక కన్ను పోయాక గానీ మానలేదు.

ఇక హోమ్స్ సంగతి. స్టోల్ కంపెనీ వాళ్ళు లండన్‌లో క్రికిల్‌వుడ్ అనే చోట విమానాల ఫ్యాక్టరీగా ఉన్న పెద్ద షెడ్డును స్టూడియోగా మార్చారు. అందులో 1921లో ఎల్వీ పదిహేను హోమ్స్ కథలు తీశాడు, ఒక్కోటీ రెండు రీళ్ళు. అదే ఏడాది ‘హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ పూర్తి నిడివి సినిమాగా తీశాడు. తర్వాతి రెండు వరసలు, ఇంకో ముప్పై చిన్న సినిమాలు, జార్జ్ రిడ్జ్‌వెల్ చేతికి వెళ్ళాయి. 1923లో ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ పెద్ద సినిమాకు మళ్ళీ ఎల్వీయే వచ్చాడు. ఇవి మొత్తం నలభై ఏడు. అన్నిట్లోనూ హోమ్స్ ఒక్కడే, ఎయిల్ నార్‌వుడ్. సినిమాల్లో ఇన్నిసార్లు హోమ్స్ వేషం కట్టిన నటుడు మరొకడు లేడు.

ఈ నార్‌వుడ్ ఎంపిక గురించి కొంచెం చెప్పాలి. మొదలుపెట్టేనాటికి ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. హీరో వయసు కాదు. స్టేజి నటుడు, మాట మీద బతికినవాడు, అలాంటివాణ్ణి మాటే లేని సినిమాలో పెట్టారు. కానీ ఆయన కదలడు. అదే అందం. మూకీల్లో తక్కినవాళ్ళంతా చేతులు తిప్పుతుంటే ఈయన ఊరికే నిలబడి చూస్తాడు, అవతలివాడు అబద్ధమాడుతున్నాడని ఈయన చూపులో మనకు తెలిసిపోతుంది. వేషాలు మార్చడంలోనూ దిట్ట. హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్ అప్పటికి బతికే ఉన్నాడు. తన ఆత్మకథలో నార్‌వుడ్‌ను మెచ్చుకున్నాడు. ఆయనకున్న ఫిర్యాదల్లా ఒకటే: తన హోమ్స్ ఎరగని టెలిఫోన్లు, మోటారు కార్లు సినిమాల్లో పెట్టేశారని. కథలు పాత విక్టోరియా రాణి రోజులవి, సినిమాల్లో ఉన్నది 1921 నాటి లండన్. రచయితగా డాయిల్ బాధ న్యాయమే. నాకు మాత్రం ఆ కార్లే ఇష్టం. సెట్టింగు వేసి పాతకాలం చూపించడం ఎవరైనా చేస్తారు, ఆ రోజు నిజంగా ఆ రోడ్డు మీద ఉన్న లండన్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

మరి ఇంత చేసినవాణ్ణి ఎందుకు పక్కన పెట్టారు? “వేగంగా చుట్టేసేవాడు, లెక్కకు తప్ప లోతుకు లేడు” అనే మాట ఒకటి చాలా కాలం నడిచింది. ఆయన తీసినవన్నీ ఆణిముత్యాలని నేను అనడం లేదు. 1927లో బ్రిటిష్ ప్రభుత్వం హాళ్ళలో ఇన్ని స్వదేశీ సినిమాలు ఆడించాలని చట్టం తెచ్చాక, అడుగు ఫిల్ముకు ఒక పౌను చొప్పున లెక్కగట్టి చవకగా చుట్టేసే సినిమాలు అక్కడ వరదలా వచ్చాయి. ఎల్వీ కూడా ఆ రోజుల్లో చేతికొచ్చిన పని కాదనలేదు. కానీ ఆ మాట అన్నవాళ్ళు ఆయన మంచి సినిమాలు చూసి అన్నారా అన్నదే నా అనుమానం. చూడ్డానికి అవి దొరికితే కదా.

ఒక ఉదాహరణ చెబుతాను, ఇదే ఒక మిస్టరీ. 1918లో ఎల్వీ అప్పటి బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ జీవితకథను రెండున్నర గంటల సినిమాగా తీశాడు. ప్రధాని కుర్చీలో ఉండగానే. విడుదలకు ముందు ఒక పత్రిక నిర్మాతల పుట్టుపూర్వోత్తరాలు తవ్వి, వాళ్ళు జర్మన్లని గోల పెట్టింది. తర్వాత కొద్ది రోజులకు లాయర్లు నిర్మాణ కంపెనీకి వచ్చి, ఇరవై వేల పౌన్లు వెయ్యి పౌన్ల నోట్లుగా లెక్కపెట్టి ఇచ్చి, నెగటివ్ టాక్సీలో వేసుకుని పోయారు. సినిమా మాయమైంది. ఎల్వీ 1967లో పోయాడు. ఫిల్ము బయటపడింది 1994లో, లాయిడ్ జార్జ్ వారసుల ఇంట్లో. వేల్స్ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు దాన్ని బాగుచేసి 1996లో కార్డిఫ్‌లో తొలిసారి ప్రదర్శించారు. తీసిన డెబ్బై ఎనిమిదేళ్ళకు విడుదల! ఆ సినిమాలో లాయిడ్ జార్జ్ కూతురు మేగన్‌గా వేసిన అమ్మాయి ఎవరనుకున్నారు? ఆల్మా రెవిల్. తర్వాత హిచ్‌కాక్‌ను పెళ్ళాడి, ఆయన కథలకూ ఎడిటింగుకూ వెనక నిలబడింది ఆవిడే. మీ వ్యాసకర్త ఆవిడ గురించి చక్కగా రాశారు, ఈ ముక్క మాత్రం రాయలేదు.

లండన్ దగ్గర ఉన్న మా అల్లుడు పంపిన డిస్కులో నేను ఆ సినిమా చూశాను. దాంతోపాటు వచ్చిన ‘హిండిల్ వేక్స్’ ఇంకా బాగుంది. 1918లో ఒకసారి తీసిన కథనే ఎల్వీ 1927లో మళ్ళీ తీశాడు. మిల్లులో పనిచేసే పిల్ల యజమాని కొడుకుతో సెలవులకు వెళ్తుంది. విషయం బయటపడ్డాక పెద్దలంతా కూడి పెళ్ళి ఖాయం చేస్తే, నాకక్కర్లేదు పొమ్మంటుంది. ఇది మిస్టరీ కాదు, మీ శీర్షికలోకి రాదు, తెలుసు. కానీ బ్లాక్‌పూల్ వినోదాల పార్కులో కెమెరా రోలర్ కోస్టర్ ఎక్కి కిందికి దూకే షాట్ చూసినవాళ్ళెవరూ ఈ దర్శకుణ్ణి “చుట్టేసేవాడు” అనలేరు.

ఇంకో సంగతి ఆపరేటర్‌గా చెప్పాలి, పండితులు దీన్ని పట్టించుకోరు. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు పదహారు ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు అంటే పదహారు వేల ఫ్రేములు. టాకీ మిషన్ సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు లాగేస్తుంది, రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. మూకీ సినిమాను అప్పట్లో కెమెరా చేత్తో తిప్పుతూ అంతకంటే నెమ్మదిగా తీసేవారు. సెకనుకు పద్దెనిమిది అనుకోండి, అదే రీలు పావుగంట దాకా నడవాలి. టాకీలు వచ్చాక పాత మూకీలను టాకీ మిషన్ మీద వేసి చూపిస్తే మనుషులు కోడిపిల్లల్లా గునగునా పరిగెత్తారు, జనం నవ్వారు, పాత నటన ఇంతేనని తేల్చేశారు. నార్‌వుడ్ లాంటివాడి నిదానం మొత్తం అక్కడే పోతుంది. తప్పు నటుడిది కాదు, దర్శకుడిది కాదు, మా క్యాబిన్‌ది. సెకండ్ షోలో పాటలు ఎగరగొట్టి ఇంటికి త్వరగా పోయే ఆపరేటర్ల సంగతి వేరు, అది ఇక్కడ రాయను.

ఇప్పుడైనా సంతోషించాల్సిన విషయం, ఆ హోమ్స్ సినిమాలు దాదాపు అన్నీ బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, వాటిని బాగుచేస్తున్నారు. 2024 అక్టోబరులో లండన్ ఫిల్మ్ ఫెస్టివల్ సందర్భంగా అలెగ్జాండ్రా ప్యాలెస్ థియేటర్లో మూడు వేశారు, ఎదురుగా సంగీతం వాయిస్తూ. వాటిలో ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’ ఎల్వీది, తక్కిన రెండూ రిడ్జ్‌వెల్‌వి. మన దగ్గర చూడండి. రఘుపతి సూర్యప్రకాష్ ఇంగ్లండ్ వెళ్ళి పని నేర్చుకుని వచ్చి, తండ్రి వెంకయ్య నాయుడు గారితో కలిసి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. అది కూడా 1921 నాటిదే అంటారు. ఎల్వీ హోమ్స్ తీసిన ఏడాదన్నమాట. ఆ సినిమా నుంచి ఇవాళ మనం చూసుకోవడానికి ఒక్క రీలు లేదు. హాలు మూసేసినప్పుడు మిగిలిన డబ్బాలను కిలోల లెక్కన పాత సామాన్లవాడికి వేసేయడం నేను కళ్ళారా చూశాను. ఏం పోయిందో లేబుల్ చదివినవాడు కూడా లేడు. ఎవరి ఇంట్లోనైనా, మూసేసిన హాళ్ళలోనైనా పాత ఫిల్ము డబ్బాలుంటే అమ్మేముందు పుణే జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళకు ఒక ఉత్తరం రాయమని మీ పత్రికలో ఒక చిన్న పెట్టె కట్టి వేస్తే బాగుంటుంది. వాసన పుల్లగా వస్తోంటే ఇంకా త్వరగా రాయమనండి, ఫిల్ము కుళ్ళుతోందని దాని అర్థం.

మళ్ళీ ఎల్వీ దగ్గరికి. 1927లో ఆయన తీసిన ‘క్విన్నీస్’ సెట్ మీద క్లాపు కొట్టిన కుర్రాడు, తర్వాత పెద్ద దర్శకుడైన డేవిడ్ లీన్, అది చెప్పడం మరిచాను. మీ వ్యాసకర్త గారికి నా విన్నపం పెద్దదేమీ కాదు, ఒక్క భాగం 1921కి కేటాయించమని. చోటు లేదంటే కనీసం టాకీల భాగం రాసేటప్పుడు ‘ది లాడ్జర్’ రెండోసారి తీసిన సంగతి వదలొద్దు. 1932లో, హీరోగా మళ్ళీ ఐవర్ నొవెల్లో. ఈసారి మాటలతో, వేరే దర్శకుడితో. ఆ దర్శకుడి పేరు ఎలాగూ రాయాల్సి వస్తుంది కాబట్టి, అక్షరదోషం లేకుండా: మారిస్ ఎల్వీ.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రొజెక్టర్ ఆపరేటర్,
తెనాలి
(పేరు అచ్చువేయవద్దని మనవి)