అల్లం ముందు, పాలు తర్వాత

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది రాయగడ. ఒడిశాలో ఉన్నాం కాబట్టి మీ పేపర్ మా చేతికి కాస్త ఆలస్యంగానే వస్తుంది. అయినా బడుల్లో, ఆఫీసుల్లో అంతా ఒడియానే, పిల్లల కళ్లకి నాలుగు తెలుగు అక్షరాలు కనపడేది దీన్లోనే కనక ఆదివారం అనుబంధం వంటల పేజీతో సహా వదలకుండా చదువుతాం. మొన్న అందులో మసాలా టీ ఇంట్లో ఎలా పెట్టుకోవాలో వేశారు. సంతోషమే. కానీ రాసినవాళ్లు ఎవరోగాని పాలు, నీళ్లు, తురిమిన అల్లం, టీపొడి, ఆరు రకాల దినుసులు, పంచదార అన్నీ ఒకే గిన్నెలో పోసేసి పది నిమిషాలు మరిగించమన్నారు. అల్లం అంటే తెలీదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది అన్నట్టుంది ఆ వంట. రాసిన వస్తువుల్లో పెద్ద తప్పు లేదు, వరసే మొత్తం తప్పు. అలా చేస్తే పాలయినా విరుగుతాయి, టీ అయినా కషాయమవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు "ఇది మనకి కుదిరేది కాదులే" అనుకుని కొట్టుకెళ్లి టీ మసాలా డబ్బా కొనుక్కొస్తారు. నా బాధంతా అదే. ఈ చిన్న పనికి డబ్బా ఎందుకండీ?

ముందు అల్లం సంగతి చెప్తాను, ఎందుకంటే గొడవంతా దానితోనే. పచ్చి అల్లంలో ప్రొటీన్‌ని విరిచేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది, జింజిబైన్ అంటారు. పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ మీద అది పనిచేస్తే పాలు గడ్డకడతాయి. అది కూడా పాలు తెర్లుతున్నప్పుడు కాదు, మెల్లగా వేడెక్కుతూ 60 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చినప్పుడు దానికి మహా హుషారు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలల్లో అల్లం తురిమేసి సిమ్‌లో పెట్టామంటే దానికి కావలసినంత టైమ్ మనమే ఇచ్చినట్టు. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు ఈ గుణాన్నే పట్టుకుని ఒక తీపి చేస్తారు. అల్లం రసం మీద తియ్యటి వేడి పాలు పోసి కదపకుండా ఉంచితే మన జున్నులా గట్టిపడుతుంది, చెంచాతో తింటారు. వాళ్లకి బాగానే ఉంటుంది, మనకి మాత్రం పొద్దున్నే గిన్నెడు పాలు దండగ. అదే అల్లాన్ని ముందు నీళ్లలో వేసి బాగా తెర్లనిచ్చామనుకోండి, ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది, ఘాటు మాత్రం నీళ్లలోకి దిగుతుంది. ఆ తర్వాత ఎన్ని పాలు పోసినా భయం లేదు.

తురమొద్దు, దంచండి. తురిమితే పిప్పి జల్లెడకి అడ్డం పడి టీ దిగదు, పైగా ఏ కొంచెం ఎక్కువైనా గొంతులో మంట. చిన్న రోట్లో ముక్కని రెండు దెబ్బలు వేస్తే పీచు విడుతుంది, చాలు. నీళ్లు తెర్లుతుంటే మొదట పచ్చి వాసన వస్తుంది, కాసేపటికి ఆ పచ్చిదనం పోయి ఘాటు ముక్కుకి తగులుతుంది, నీళ్లు లేత పసుపు రంగుకి తిరుగుతాయి. అక్కడ టీపొడి వేయాలి, అంతకు ముందు కాదు. నాలుగు నిమిషాలా అయిదు నిమిషాలా అని గడియారం చూడక్కర్లేదు, మన ముక్కే చెప్తుంది.

అల్లం అన్నాను కనక మా ఊరి గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. ఇక్కడికి దగ్గర్లోనే చటికోనలో బుధవారం సంత. నియమగిరి కొండల మీంచి డోంగ్రియా కొంధు అనే గిరిజన తెగ ఆడవాళ్లు పసుపు, అల్లం, అనాసపళ్లు బుట్టల్లో పెట్టుకుని దిగుతారు. ఆ అల్లం చూడ్డానికి ఏం బావుండదు. చిన్న చిన్న కణుపులు, మట్టి, లోపల పీచు. పట్నంలో లావుగా నున్నగా కడిగి పెట్టే అల్లం పక్కన పెడితే ఎవరూ ముట్టుకోరు. కానీ ఇది సగం వేస్తే అది మొత్తం వేసినంత పని చేస్తుంది. విజయనగరం నుంచి మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా "వదినా, నువ్వు టీలో ఏదో కలుపుతున్నావు, నాకు చెప్పట్లేదు" అంటుంది. "ఏముందమ్మా, సంత అల్లం, రెండు యాలకులు, అంతే" అంటే నమ్మదు. వెళ్లేటప్పుడు మాత్రం అల్లం మూట సంచీలో పడుతుంది. పుష్య మాసానికి అల్లం ముదిరి ఘాటెక్కుతుంది, అప్పుడు ఇంకా తగ్గించాలి. వానాకాలం చివర్లో వచ్చే లేత అల్లానికి ఘాటు తక్కువ, కాస్త ఎక్కువే పడుతుంది. ఇదంతా కొలత చెంచాలో రాయడం కుదరదు, అందుకే మీ పేజీలో "ఒక టీస్పూను" అని ఉంటే నవ్వొచ్చింది.

యాలకులది పూర్తిగా ఎదురు లెక్క. దాని వాసనంతా ఆవిరైపోయే నూనెలోనే ఉంది, మొదట వేసి పది నిమిషాలు మరిగిస్తే వంటిల్లు ఘుమఘుమలాడుతుంది గాని గ్లాసులోకి ఏమీ రాదు. అందరూ "అబ్బ, ఏం వాసన" అనేది గాల్లో పోయినదాన్ని చూసే. స్టవ్ కట్టేసే ముందు వేసి, మూత పెట్టి, ఒక్క నిమిషం ఆగాలి. గింజలు కాసింత పంచదారతో కలిపి దంచితే మెత్తగా నలుగుతాయి, ఉత్తివి దంచితే రోట్లోంచి ఎగిరిపోతాయి. తొక్కలు పారేయకండి, టీపొడి డబ్బాలో వేసి ఉంచండి, టీపొడి ఏ వాసననైనా ఇట్టే లాగేసుకుంటుంది. (అదే కారణానికి ఆ డబ్బా ఇంగువ పక్కన పెట్టకూడదు. చెప్తే నవ్వుతారు గాని మా ఇంట్లో కొత్త కోడలికి చెప్పే మొదటి మాట ఇదే.)

లవంగం, మిరియం, దాల్చినచెక్క మాత్రం గట్టి సరుకు, అల్లంతో పాటే నీళ్లలో పడాలి. లవంగం రెండు కప్పులకి ఒకటి, అంతకు మించితే పంటి మందు తాగినట్టుంటుంది, పంటి మందులో వేసేదీ ఆ లవంగ నూనే కదా. దాల్చినచెక్క పేరుతో మన కొట్లలో దొరికే మందపాటి, గట్టి చెక్క ఎక్కువగా కేసియా రకం. అసలు దాల్చినచెక్క పల్చటి పొరలుగా చుట్టుకుని ఉంటుంది, వేళ్లతో నలిపితే విరుగుతుంది. ఆ గట్టి చెక్క గోరంత చాలు. మిరియాలు చలికాలంలో, జలుబుకి, రెండు మూడు గింజలు. అన్నీ ఒకే రోజు వేయాలని ఎక్కడా లేదు. నా మటుకు నాకు అల్లం, యాలకులే టీ, మిగతావి ఇంటికి చుట్టాలు వచ్చినట్టు అప్పుడప్పుడూ వచ్చి వెళ్తే బావుంటుంది. ఆరూ కలిపితే దేని రుచీ తెలియదు, టీ రుచి అసలే తెలియదు.

టీపొడి విషయంలో ఖరీదైన ఆకు టీ కొనమన్నారు మీవాళ్లు. అనవసరం. ఆకు టీ పాలు లేకుండా తాగేవాళ్లకి. పాలల్లో నిలబడాలంటే గింజల్లా ఉండే సీటీసీ రకమే కావాలి. ఆకుని నలిపి, చీల్చి, చుట్టే ఆ పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలైంది, రంగూ చిక్కదనం గబగబా దిగుతాయి. అందుకే టీపొడి వేశాక రెండు నిమిషాలకి మించి తెర్లనివ్వక్కర్లేదు. ఎక్కువ మరిగితే టీలో వగరు పుట్టించే టానిన్లు దిగి నాలుక పిడచకట్టినట్టవుతుంది. పాలు పోస్తే వగరు కొంత తగ్గుతుంది, పాల ప్రొటీన్ వాటిని పట్టేసుకుంటుంది గనక, కానీ దానికీ ఒక హద్దుంది. మరీ ఎర్రగా రంగు దిగే లూజు పొడి చవగ్గా వస్తుందని తీసుకోకండి. తడి ఫిల్టర్ కాగితం మీద కాస్త పొడి చల్లి, తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూడండి, మరకలు పడితే రంగు కలిపినట్టే. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇంట్లో చేసుకోమని చెప్పిన పరీక్షే ఇది.

పాలు కాచినవి, వేడిగా ఉన్నవి పోయండి. చల్లటి పాలు పోస్తే తెర్లుతున్న డికాషన్ ఒక్కసారి చల్లారిపోయి మళ్లీ వేడెక్కేదాకా టీపొడి ఊరుతూనే ఉంటుంది, వగరంతా అక్కడే దిగేది. మామూలు టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. టోన్డ్ అయితే నీళ్లూ పాలూ సమంగా, ఫుల్ క్రీమ్ అయితే నీళ్లు ఇంకాస్త. పూర్తిగా పాలతోనే పెడితే గొప్ప అనుకుంటారు చాలామంది. అందులో అల్లమూ దిగదు, టీ కూడా సరిగ్గా దిగదు, పాయసం తాగినట్టుంటుంది. పాలు పోశాక పొంగు వస్తుంటే గంటెతో రెండు మూడుసార్లు ఎత్తి పోస్తే చాలు, నురగ గోధుమ రంగుకి తిరుగుతుంది. ఇక దించేయొచ్చు. వేసవిలో పొద్దుటి ప్యాకెట్ పాలు సాయంత్రానికి కాస్త పులుపెక్కి ఉంటే మాత్రం అల్లం లేకపోయినా విరుగుతాయి, ఆ నేరం అల్లం మీద వేయకండి.

బెల్లం టీ కావాలంటే బెల్లం పొయ్యి మీద పడకూడదు. చాలా బెల్లాల్లో కాస్త పులుపు గుణం ఉంటుంది, తెర్లే పాలల్లో వేస్తే టీ అంతా తరకలు కడుతుంది. స్టవ్ కట్టేసి, గ్లాసులో తురుము వేసుకుని దాని మీద టీ వడకట్టుకోండి. అనకాపల్లి బెల్లమైనా అంతే.

ఇక ఆ డబ్బాల సంగతి. రెడీమేడ్ టీ మసాలాలో ఎక్కువగా ఉండేది శొంఠి. అల్లం ఎండాక అందులో ఘాటునిచ్చే జింజెరాల్ అనే పదార్థం కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా కారం. అందుకే చెంచాడు వేయగానే గొంతు మండుతుంది, జనం దాన్నే "స్ట్రాంగ్" అనుకుంటారు. యాలకుల పొడి అయితే డబ్బా తెరిచిన కొన్నాళ్లకే వాసన పోతుంది. పోయాక కూడా డబ్బా అయ్యేదాకా వేస్తూనే ఉంటాం, డబ్బులు పెట్టి కొన్నాం కదా! సంతలో పది రూపాయల అల్లం ముందు అది ఎందుకూ కొరగాదు. పచ్చి అల్లం దొరకని చోట, హాస్టల్లో ఉండే పిల్లలకి అయితే సరే, కొనుక్కోనివ్వండి.

అసలు ఈ మసాలా వేయడం టీ కంపెనీలు నేర్పింది కాదు. 1903లో బ్రిటిష్ ప్రభుత్వం టీ మీద సెస్సు అనే ప్రత్యేక పన్ను పెడితే, ఆ డబ్బుతో మన దేశంలో టీ అలవాటు చేయాలని ప్రచారం మొదలుపెట్టారు, తర్వాత్తర్వాత రైల్వే స్టేషన్లలో స్టాళ్లు పెట్టించారు. వాళ్లకి కావలసింది ఆకు ఎక్కువ అమ్ముడుపోవడం. మనవాళ్లు పాలెక్కువ పోసి, అల్లం దంచి వేసి, ఆకు తగ్గించేస్తే ప్రచారంవాళ్లకి అది నచ్చలేదు. ఇప్పుడు చూడండి, ఆ అల్లాన్నే పొడి చేసి రంగుల డబ్బాలో పెట్టి మనకే అమ్ముతున్నారు.

మీ పేజీలో మసాలా టీ అరుగుదలకి మంచిది, భోజనం కాగానే తాగండి అని కూడా ఉంది. అది మాత్రం తప్పకుండా సరిచేయాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ తయారు చేసిన 2024 ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని ఉంది. టానిన్లు తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు మా వీధిలోనే ఎంతమందో. రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదని, ఒక టీలో 30 నుంచి 65 దాకా ఉంటుందని కూడా అందులోనే ఉంది. సాయంత్రం నాలుగింటికి తాగితే ఏ గొడవా లేదు.

కనక వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి, ఎక్కువ చోటు అక్కర్లేదు. ఇద్దరికి ఒక కప్పు నీళ్లు, అందులో దంచిన అల్లం బొటనవేలి కణుపంత, ఇష్టమైతే ఒక లవంగం. పచ్చి వాసన పోయాక రెండు చిన్న చెంచాల టీపొడి, రెండు నిమిషాలు. కప్పు వేడి పాలు, రెండు మూడు పొంగులు. యాలకులు వేసి కట్టేసి మూత. ఇంతే వేయండి. వీలైతే ఫొటో కూడా మార్చండి, మొన్నటి ఫొటోలో టీ గ్లాసు పక్కన అనాసపువ్వు పెట్టారు, అది బిర్యానీ రాసినప్పుడు వాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాయగడ, ఒడిశా