కేయాస్ లేజర్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో అమరావతి క్వాంటం వ్యాలీ గురించి వార్తలు వస్తున్నాయి, సంతోషమే, కానీ డేటాని సీక్రెట్‌గా పంపాలంటే క్వాంటం ఒక్కటే దారేమో అని జనం అనుకుంటున్నారు, కేయాస్ లేజర్లు అని, అడ్డదిడ్డంగా ఊగే వెలుగులో మెసేజ్ దాచి పంపే దారి ఇంకోటి ఉంది, అందుకే ఈ ఉత్తరం. నేను విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఫైబర్ జాయింట్లు వేసే పని చేస్తాను. ఫైబర్‌లో వెళ్లే లైటుని ఎవడు దొంగిలిస్తాడు అని బాగా చదువుకున్నవాళ్లు కూడా అంటుంటారు. అది నిజం కాదండి. మా దగ్గర ఫైబర్ ఐడెంటిఫయర్ అని చేతిలో పట్టే చిన్న మెషిన్ ఉంటుంది, నడుస్తున్న ఫైబర్‌ని కొయ్యక్కర్లేదు, దాని మధ్యలో పెట్టి నొక్కితే ఫైబర్ కాస్త వంగి అక్కడ పిసరంత లైటు బయటికి కారుతుంది, సిగ్నల్ ఉందో లేదో, ఎటు పోతోందో ఆ మెషినే చూపించేస్తుంది, నెట్ వాడేవాళ్లకి తెలీను కూడా తెలీదు. మేం రిపేర్లకి వాడతాం సరే, దుర్బుద్ధి ఉన్నోడు అదే వంపు దగ్గర మంచి రిసీవర్ పెడితే?

ఎన్‌క్రిప్షన్, అంటే డేటాని ఎవరికీ అర్థంకాని కోడ్‌గా మార్చి పంపడం, ఉంది కదా అంటారు. ఉంది, ఉండాలి కూడా. దానికి తోడు సిగ్నల్‌నే దాచే పద్ధతి ఈ కేయాస్ లేజర్లది. లేజర్ వెలుగులో కొంత అద్దంతో తిప్పి మళ్లీ దాన్లోకే కొడితే ఆ వెలుగు పెరుగుతూ తగ్గుతూ అడ్డదిడ్డంగా ఊగిపోతుంది, దీన్నే కేయాస్ అంటారు, ఆ ఊగులాటలో మన మెసేజ్ సన్నగా కలిపేస్తారు. సిరిమానోత్సవం గోలలో ఇద్దరు మాట్లాడుకున్నట్టే, పక్కనోడికి గోల తప్ప ఏం వినపడదు. అవతలివైపు అచ్చం అలాంటి లేజరే పెడితే అది వచ్చిన లైటుని పట్టుకుని అదే గోల తనూ చేస్తుంది, మెసేజ్‌ని మాత్రం చెయ్యదు, వచ్చినదాంట్లోంచి గోల తీసేస్తే మిగిలేది మెసేజే! రెండు కేయాస్ సిస్టమ్‌లు ఇలా జత కలుస్తాయని 1990లో అమెరికాలో పెకోరా, కారల్ అనే సైంటిస్టులు చూపించారు, 1998లో అక్కడే రాజర్షి రాయ్, వాన్‌విగెరెన్ అనే సైంటిస్టులు ఫైబర్ లేజర్లతో మెసేజ్ పంపారు. 2005లో అయితే ఏథెన్స్ సిటీలో అప్పటికే వేసి ఉన్న ఫైబర్ మీదే 120 కిలోమీటర్లు, గిగాబిట్ స్పీడ్లో పంపి చూపించారు, అంటే ఇంచుమించు శ్రీకాకుళం నుంచి విశాఖ దూరం.

ఇబ్బందులు లేవని కాదు, రెండు లేజర్లూ బాగా దగ్గరగా మ్యాచ్ అవ్వాలి, దూరం పోయేకొద్దీ ఫైబర్‌లో సిగ్నల్ పరుచుకుపోతుంది కాబట్టి దాన్ని సరిచెయ్యాలి, పైగా ఎన్నటికీ ఎవరూ ఛేదించలేరు అని లెక్క కట్టి నిరూపించిందేం లేదు. అయినా నేర్చుకోవాల్సిన విషయమే అని గట్టిగా చెప్తాను. లేజర్లు ఖరీదైతే ఆప్ ఆంప్‌లు (సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్‌లు), కెపాసిటర్లు, రెసిస్టర్లతో బ్రెడ్‌బోర్డు మీద కేయాస్ సర్క్యూట్లు రెండు కట్టి, ఒకదాంట్లో పాట దాచి రెండోదాంట్లో బయటికి తీయొచ్చు. మన జిల్లాల ఈసీఈ పిల్లలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా కొనుక్కుని సబ్మిట్ చేస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. మీ చదువుల పేజీలో ఈ సర్క్యూట్ బొమ్మతో సహా ఒకసారి వెయ్యండి, కాలేజీల్లో సార్లు, మేడమ్‌లు చూస్తారు.

ఇట్లు,
ఒక ఫైబర్ టెక్నీషియన్, విజయనగరం